అత్తగారి కొప్పులో ముంజేతి పువ్వు

మా అత్తగారు తలలో పువ్వుతో చర్చిలోకి నడిచి వెళ్లడం అందరికంటే ముందు చూసింది నేనే. నేను వెనక తలుపు దగ్గర ఖాళీ ప్లాస్టిక్ పెట్టెలు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ పెళ్లికొడుకైన కొడుకు చెయ్యి పట్టుకుని, నా పక్క నుంచే దాటి, నడవ మీద అడుగు పెట్టారు. అప్పుడు కనిపించింది. తెల్లటి గంధరాజం పువ్వు, పక్కన చిన్న గులాబీ మొగ్గలు, వెండి రంగు రిబ్బను ముడి. చేతి మణికట్టుకు తొడుక్కోవాల్సిన ఆ సరంజామా మొత్తం, దాని ఎలాస్టిక్ పట్టీతో సహా, ఆవిడ కొప్పు చుట్టూ బిగించి ఉంది. ముందున్నవాళ్లకు ఆవిడ ముఖమే కనిపిస్తోంది కాబట్టి వాళ్లు మామూలుగా నవ్వుతున్నారు. ఆవిడ దాటిపోయిన వరసల్లోవాళ్లు మాత్రం ఒక్కొక్కరే మెడలు సాచి, పక్కవాళ్లను మోచేత్తో పొడుస్తున్నారు. ఆ గుసగుస ఆవిడ వెనకాలే ఒక్కో వరసా దాటుకుంటూ ముందుకు వెళుతోంది. ముందు వరసలో ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చున్న మా మావగారు ఆ కలకలమేమిటా అని వెనక్కి తిరిగి చూశారు గానీ, ఆయనకూ కనిపించింది భార్య ముఖమే. ఆవిడ వచ్చి, ఆయన పక్కన కూర్చోవడానికి అటు తిరిగారు. అప్పుడు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూశారు.

పెళ్లయిన కొత్తలో బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఆవిడ తలలో పువ్వు పెట్టలేదు. ఆ పువ్వును ఎంచి తెచ్చింది నేను. అది తలలోకి కాదు, చేతికేనని మా మావగారికి పూచీ ఇచ్చిందీ నేనే.

ఆ రోజుల్లో అమెరికాలోని పార్సిప్పనీలో నేను ఏ పనీ చేయకుండా బతికేవాణ్ణి. నా బద్ధకం వల్ల కాదు, వీసా వల్ల. మా ఆవిడ హెచ్ వన్ మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. నేను ఆవిడ వెంట హెచ్ ఫోర్ మీద వచ్చిన భర్తను. హెచ్ ఫోర్ మనిషి వండొచ్చు, తినొచ్చు, కారు నడపొచ్చు, చర్చిలో పాడొచ్చు. జీతం మాత్రం పుచ్చుకోకూడదు. అంతకు ముందు నేను రాజమండ్రిలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌ని. ఊళ్లో జరిగే ప్రతిదానికీ శీర్షిక పెట్టిన మనిషిని తీసుకొచ్చి అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చోబెడితే ఏం చేస్తాడు? పార్కింగ్‌లో ఎవరి కారు ఎప్పుడు కదిలిందో చూస్తాడు. మా కాంప్లెక్సులో సగానికి సగం తెలుగు కన్సల్టెంట్లే. ఎవరింటికి సోఫా వస్తున్నా తలుపు తీయడానికి నేను, ఎవరి అత్తగారు నెవార్క్ ఎయిర్‌పోర్టులో దిగినా తీసుకురావడానికి నేను. "మీరెలాగూ ఖాళీయే కదా అన్నా" అనే మాటను నేను విన్నన్నిసార్లు ఏ హెచ్ ఫోర్ భార్యా విని ఉండదు. (వాళ్లు ఖాళీగా ఉంటారని ఎవరూ అనుకోరు. అది వాళ్లకు జరిగే ఇంకో అన్యాయం.)

అలాంటి సమయంలో మా బావమరిదికి పెళ్లి కుదిరింది. అతను మా దగ్గర్లోనే పనిచేసేవాడు. అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. ఆమె తల్లిదండ్రులు గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి న్యూజెర్సీలో స్థిరపడినవాళ్లు. అందరూ ఒకే తెలుగు చర్చికి వెళ్లేవాళ్లు కాబట్టి సంబంధం అక్కడే కలిసింది. అత్తగారు, మావగారు నరసాపురం నుంచి విజిటర్ వీసా మీద వచ్చి మా ఇంట్లో దిగారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఊళ్లో సంఘపెద్ద. ఆవిడ రిటైరైన నర్సు. మన కోస్తా క్రైస్తవుల్లో రెండు రకాలున్నారని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: పువ్వులు పెట్టుకునేవాళ్లు, పెట్టుకోనివాళ్లు. పెట్టుకునే ఇళ్లల్లో పెళ్లంటే మల్లెపూలు బుట్టలతో దిగుతాయి. పెట్టుకోని సంఘాల్లో తెల్లచీర, బోసి మెడ, బోసి చేతులు, నున్నగా దువ్విన తల. మా అత్తగారిది పెట్టుకునే పుట్టిల్లు, పెట్టుకోని మెట్టినిల్లు. పెళ్లికూతురు తరపువాళ్లు నిండుగా పెట్టుకునేవాళ్లు.

ఇక్కడి పెళ్లిళ్లలో ఒక ఆచారం ఉంది. పెళ్లికొడుకు తల్లికి, పెళ్లికూతురి తల్లికి, ఇంకా దగ్గరి ఆడవాళ్లకు చిన్న పూలగుత్తి ఒకటి ఇస్తారు. కోర్సాజ్ అంటారు. జాకెట్టుకు పిన్నుతో గుచ్చుకునే రకం ఒకటి, ఎలాస్టిక్ పట్టీతో చేతికి తొడుక్కునే రకం ఒకటి. మగవాళ్లకు కోటుకు గుచ్చుకునే ఒంటి పువ్వు. (దాని పేరు నాకు అప్పుడూ నోరు తిరగలేదు, ఇప్పుడూ తిరగదు.) కంచిపట్టు చీరల మీద పిన్ను గుచ్చితే పోగు లేస్తుందని మా ఆవిడ పిన్ను రకాన్ని మొదట్లోనే కొట్టిపారేసింది. చేతి రకమే ఖాయమైంది. ఎవరు తేవాలన్నదానికి చర్చే జరగలేదు.

"నువ్వు కడియం నర్సరీల మీద వార్తలు రాశావు కదా" అంది మా ఆవిడ.

"రాయలేదు. వేరేవాళ్లు రాస్తే దిద్దాను."

"అదేలే. పూల పేర్లు తెలుసుగా."

(ఆవిడ నాతో 'నువ్వు' అంటుంది. వాళ్ల అమ్మానాన్నా గదిలోకి రాగానే 'మీరు' అయిపోతాను. వాళ్లున్న ఆర్నెల్లూ నేను గది గదికీ హోదా మారుతూ బతికాను.)

ఒక ఆదివారం సాయంత్రం పెళ్లికూతురు మా ఇంటికొచ్చి, కార్పెట్ మీద కూర్చుని, ఫోన్‌లో రంగులు చూపిస్తూ అడిగింది, "ఆంటీకి ఏ కలర్ ఇష్టం? నేను సారీకి మ్యాచ్ చేయిస్తాను."

అత్తగారు ఓ పక్కన కూర్చుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. జవాబు మా ఆవిడే చెప్పింది.

"అమ్మ పువ్వులు పెట్టుకోదు."

"ఎందుకు? ఎలర్జీనా?"

"కాదు. బాప్తిస్మం అయినప్పటి నుంచి పెట్టుకోదు."

"మమ్మీకి కూడా బాప్టిజం అయింది కదా. మమ్మీ చాలా పెట్టుకుంటుంది."

దీనికి జవాబు చెప్పాలంటే తెలుగు నేల మీద మిషన్ల చరిత్రంతా చెప్పాలి. మా బావమరిది అందుకు సాహసించి, రెండు వాక్యాల తర్వాత తనే దారి తప్పాడు. ఆ అమ్మాయి ముఖం మెల్లగా ఎర్రబడింది. "మదర్స్ ఇద్దరూ పెట్టుకుంటారు. అది రూల్. ఆంటీ ఒక్కతే పెట్టుకోకపోతే ఫోటోలో ఎలా ఉంటుంది? నేను ఇష్టం లేదు అని కదా అందరూ అనుకుంటారు?" అని, గొంతు తగ్గించి, "ఆంటీ నాతో మాట్లాడదు కూడా" అంది.

అది నిజమే. మాట్లాడకపోవడానికి కారణం మాత్రం వేరు. ఆ అమ్మాయి తెలుగు మా అత్తగారికి సగం అర్థమయ్యేది కాదు. అర్థం కాలేదని చెబితే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఈవిడ నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వు మరీ చిన్నది కావడంతో ఆ పిల్లకు కనిపించేది కాదు. ఇద్దరూ మంచివాళ్లే. మధ్యలో ఎడం మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది. చేతికి కట్టే ఒక పూలగుత్తి మీద ఇంత బరువు పడటం నాకు విచిత్రంగా అనిపించింది గానీ, ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు మాత్రం తమాషా కాదు.

అప్పటిదాకా పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న మావగారు దాన్ని మడిచి పక్కన పెట్టారు.

"ఏ చేతికండీ అల్లుడుగారూ?"

"ఎడమ చేతికండి."

"వాచీ పెట్టుకునే చేతికా?"

"ఆ చేతికేనండి."

హెడ్మాస్టరు ఆలోచిస్తుంటే అందరం స్టాఫ్ మీటింగులో టీచర్లలా కూర్చున్నాం. "తలలో పెట్టుకోవడం వేరండి. అది సింగారం. ఇదేమో, మీరు చెప్పేదాన్ని బట్టి, ఫలానా మనిషి పెళ్లికొడుకు తల్లి అని గుర్తు. మా స్కూల్లో వార్షికోత్సవానికి మేం బ్యాడ్జీ పెట్టుకునేవాళ్లం చూడండి, అలాంటిది."

"అచ్చం బ్యాడ్జీయేనండి" అన్నాను నేను, సందు దొరికింది కదా అని.

"అయితే చేతికి అభ్యంతరం లేదు. తలలో మాత్రం వద్దు."

"తలలో పెట్టుకోమని ఎవరన్నారు నాన్నా?" అన్నాడు బావమరిది.

"ముందే అనుకోవడం మంచిది. రేపు ఊళ్లో ఫోటోలు చూస్తారు. మాటొస్తుంది."

"మరి మీక్కూడా కోటుకి ఒకటి ఉంటుంది నాన్నా" అంది మా ఆవిడ.

"నాకెందుకమ్మా? నేను తండ్రినని అందరికీ తెలుసు."

అలా తీర్పు వెలువడింది. పెళ్లికూతురు కళ్లు తుడుచుకుంది. అందరం అభిప్రాయాలు చెప్పాం. డెస్కులో మాకు మొట్టమొదట నేర్పిన సూత్రం ఒకటుంది: ఎవరి గురించి వార్తో వాళ్ల వివరణ లేకుండా అచ్చుకి పంపకూడదు. ఆ సాయంత్రం మేం తీసుకోనిది ఆ ఒక్కటే. అత్తగారు ఈనెలు తీయడం ముగించి, గిన్నె పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్లిపోయారు.

మర్నాడు మా ఆవిణ్ణి ఆఫీసులో దించి నేను పూల షాపుకి బయల్దేరుతుంటే అత్తగారు స్వెట్టరు వేసుకుని, చీర కింద తెల్ల స్పోర్ట్స్ బూట్లతో సిద్ధంగా నిలబడ్డారు. "ఇంట్లో ఏం తోచట్లేదు బాబూ" అన్నారు. అల్లుడి పక్కన ముందు సీట్లో కూర్చోరు కాబట్టి వెనక కూర్చున్నారు. దారి పొడవునా నేను టాక్సీ డ్రైవరులా, ఆవిడ మొదటిసారి ఊరు చూస్తున్న ప్రయాణికురాలిలా వెళ్లాం.

షాపావిడ ఓపిక గల మనిషి. మల్లెలున్నాయా అంటే మల్లె ఆకారంలో, మైనం పూసినట్టున్న ఒక పువ్వు చూపించింది. చూడ్డానికి అచ్చు మన మల్లే. వాసన మాత్రం ముక్కు తాకించి వెతుక్కోవాలి. మల్లెపువ్వు కూడా వీసా మీద వచ్చిందేమో, కొన్ని పనులు దానికీ నిషేధమేమో అనుకున్నాను. ఆర్కిడ్లు చూపించింది. అవి ఎంత గట్టివంటే, పెళ్లయిపోయాక కడిగి దాచుకోవచ్చు అనిపించింది. నేను రెండింటి మధ్యా తేల్చుకోలేక కొట్టుమిట్టాడుతుంటే వెనక నుంచి, "బాబూ, ఇది గంధరాజం కదూ?" అని వినిపించింది.

అత్తగారు అద్దాల ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. లోపల, అట్టపెట్టెలో, ఆకుల మధ్య తెల్లగా, బొద్దుగా పువ్వులు. ఇక్కడ గార్డీనియా అంటారు. షాపావిడ పెట్టె బయటికి తీసి, రేకులను తాకొద్దని, వేలి గుర్తు పడిన చోట గోధుమరంగు తిరుగుతుందని చెప్పింది. నేను తెలుగులో చెప్పకముందే మా అత్తగారు రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నారు, బళ్లో టీచరు ముందు చేతులు కట్టుకున్న పిల్లలా. అలాగే వంగి వాసన చూశారు. అవసరమైనదానికంటే ఎక్కువసేపే చూశారు.

"మీవైపు ఉండేదా అత్తయ్యగారూ?"

"మిషనాస్పత్రి కాంపౌండులో ఉండేది బాబూ. డ్యూటీలో టోపీ కదా, పువ్వు పెట్టుకోనిచ్చేవాళ్లు కాదు మేట్రనమ్మగారు. దిగాక పెట్టుకునేవాళ్లం." ఇంకో మాటేదో వస్తుందనుకున్నాను. ఆవిడ బల్ల మీద నమూనాకు పెట్టిన ఎలాస్టిక్ పట్టీని చేతిలోకి తీసుకుని, లాగి వదిలి, "ఇది బాగా సాగుద్దా?" అన్నారు.

"ఎంతయినా సాగుతుందండి. గాజుల మీదుగా కూడా ఎక్కుతుంది."

"నాకు గాజుల్లేవు కదా" అన్నారు ఆవిడ, దాన్ని మరోసారి లాగి చూస్తూ.

నేను గంధరాజాలకే ఆర్డరిచ్చి వచ్చేశాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగారా అని ఆ రోజు నాకు తట్టలేదు. డెస్కులో ఉన్నప్పుడు ఇలాంటి వాక్యాల కింద ఎర్ర గీత గీసేవాణ్ణి. ఖాళీగా ఉండి ఉండి ఆ అలవాటు తప్పినట్టుంది.

పెళ్లి ముందురోజు పువ్వులు మా ఇంటికొచ్చాయి. వాటిని చల్లగా ఉంచాలి కాబట్టి ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేయించాను. గోంగూర పచ్చడి, రొయ్యల కూర, విరగ్గొట్టిన పాలు, మావగారి ఇన్సులిన్ ఒక పక్కకు సర్దుకున్నాయి. అట్టు పిండి గిన్నెకు మాత్రం చోటు చాలక బాల్కనీలోకి వెళ్లింది. మే నెల ఎండకు అది పొంగి, గిన్నె దాటి, కింద అపార్ట్‌మెంటువాళ్ల కుర్చీ మీదకి దిగింది. వాళ్లు గుజరాతీలు కావడంతో గొడవ పెద్దది కాలేదు. ఢోక్లాకి పిండి పులియబెట్టుకునేవాళ్లే కాబట్టి, పిండి ఎందుకు పొంగిందో వాళ్లకు చెప్పక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం రెండు వైపుల ఆడవాళ్లనీ హాల్లో కూర్చోబెట్టి నేను ప్రదర్శన ఇచ్చాను. ఒక పూలగుత్తిని నా మణికట్టుకే తొడుక్కుని, చెయ్యి అటూ ఇటూ తిప్పి, "పువ్వు బయటికి ఉండాలి, చెయ్యి ఇలా కొంచెం పైకి పెట్టి నడవాలి" అని నడిచి చూపించాను. మా బావమరిది ఈలేశాడు. పెళ్లికూతురి తల్లి తన రెండు చేతులూ చాపి, "ఇక్కడ చోటేదీ చెప్పండి" అన్నారు. ఆవిడకు మోచేతి సగం దాకా గాజులు. చివరికి గాజులన్నీ దాటించి తొడిగితే అది మోచేతి దగ్గర దండకడియంలా ఆగింది. "పర్లేదు, బీపీ చూపించుకుంటున్నాననుకుంటాను" అని నవ్వేశారు. అత్తగారు వంటింట్లో కొబ్బరి పచ్చడికి మిక్సీ వేస్తున్నారు. ఇక్కడి ఇళ్లల్లో హాలుకీ వంటింటికీ మధ్య గోడ ఉండదు కాబట్టి నేను చెప్పింది ఆవిడ వినకుండా ఉండే వీల్లేదు. మిక్సీ మోత ముందు ఎవరు ఏం చెప్పినా వినబడే వీలూ లేదు. ఆవిడ ఇటు తిరిగి ఉన్నారా, అటు తిరిగి ఉన్నారా అని తర్వాత మా ఆవిడా నేనూ ఎన్నిసార్లు వాదించుకున్నామో. మా ఆవిడది అటు. నాది ఇటు.

పెళ్లిరోజు చర్చి వెనక గదిలో పెట్టెలు పంచాను. అత్తగారు తన పెట్టె అందుకుని, మూత తీసి చూసి, "బాగా వికసించింది బాబూ" అన్నారు. సాయం కావాలా అంటే అక్కర్లేదన్నారు. గది లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. కొడుకు వచ్చి పిలిస్తే గానీ బయటికి రాలేదు. ఎదురుగా ఉన్న కొడుక్కి కొప్పు కనపడలేదు. ఆ తర్వాత జరిగింది మీకు ముందే చెప్పాను.

చెప్పనిది ఒకటుంది. ఆవిడ నడవ మీద సగం దూరం వెళ్లేసరికి, తన వంతు కోసం నా పక్కన నిలబడ్డ పెళ్లికూతురి తల్లి నా చొక్కా పట్టుకు లాగారు.

"అదేంటి బాబూ, తలలోకా?"

"చేతికేనండి!"

"మరి వదినగారు తలలో పెట్టుకున్నారు?"

"అదే నాకూ..."

ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. మోచేతి దగ్గరున్నదాన్ని గాజుల మీదుగా ఒక్క లాగు లాగి, జడ మొదట్లో మల్లెచెండు మీదుగా ఎక్కించేసుకున్నారు. "ఆవిడొక్కరే అలా ఉంటే ఏం బావుంటుంది?" అని, నా వైపు తల తిప్పి "సరిగ్గా ఉందా?" అన్నారు. నేను వార్తలు దిద్దినవాణ్ణే గానీ జడలు దిద్దినవాణ్ణి కాదు. అయినా రిబ్బను కాస్త సర్దాను. ఆవిడ వెనక నిలబడ్డ పెళ్లికూతురి అమ్మమ్మ ఇదంతా చూసి, ఏమీ అడక్కుండా తనదీ ముడికి బిగించేసుకుంది. చిన్నాన్న భార్య సరేసరి. ఫోటోలు తీస్తున్న అమెరికన్ కుర్రాడు కెమెరా దించి నా చెవిలో, ఇది మీ సంప్రదాయమా అని ఎంతో గౌరవంగా అడిగాడు. అవునన్నాను. పాపం, ఆ సంప్రదాయం అతని ఎదురుగానే అప్పుడే పుట్టింది.

తండ్రి చెయ్యి పట్టుకుని తెల్లచీర, మేలిముసుగుతో పెళ్లికూతురు వచ్చింది. ముందు వరసకు చేరేసరికి ఆమెకు కనిపించినవి రెండు తలలు, రెండు గంధరాజాలు. అక్కడే ఆగిపోయింది. "ఆంటీ హెయిర్‌లో పెట్టుకుంది" అని తండ్రితో అనడం మొదటి మూడు వరసలకూ వినబడిందట. అక్కడి నుంచి ప్రమాణాలు అయ్యేదాకా ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతూనే ఉంది. ఉంగరం తొడిగేటప్పుడు పాస్టరుగారు రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

మావగారు ఏమంటారో అన్నదే నా భయమంతా. ఆరాధన జరిగినంతసేపూ ఆయన నిటారుగా కూర్చున్నారు. కీర్తనలన్నీ పాడారు. పక్కకు మాత్రం తిరగలేదు. అంతా అయి, కుటుంబం ఫోటో కోసం అందర్నీ మెట్ల మీదికి పిలుస్తుంటే ఆయన తిన్నగా నా దగ్గరికే వచ్చారు. నేను చెప్పాల్సిన సంజాయిషీని మనసులో మూడోసారి దిద్దుకుంటున్నాను.

"అల్లుడుగారూ, నా కోటుకి కూడా ఏదో ఉందన్నారు కదండీ."

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక గదికి పరుగెత్తాను. ఆయనొద్దన్నా తెచ్చినందుకు నాకు నేను దణ్ణం పెట్టుకుంటూ ఆ చిన్న పువ్వు పట్టుకొచ్చాను. గుచ్చబోతే పిన్ను కోటు దాటి చొక్కాలోకి, చొక్కా దాటి ఆయనలోకి దిగింది. "ఇటివ్వండి బాబూ" అని అత్తగారు నా చేతిలోంచి తీసుకున్నారు. జీవితమంతా సూదులు గుచ్చిన చెయ్యి. ఒక్క పోటుతో కుదిరింది. ఆయన గుండె మీద పువ్వు సర్దుతున్న ఆవిణ్ణి చూస్తూ, మా ఇద్దరికే వినబడేలా, ఆయన అడిగారు.

"చేతికన్నారు కదా?"

"చేతికి జారిపోతుందండి" అన్నారు ఆవిడ, పిన్ను తల మూసేస్తూ.

"ఆయ్" అన్నారు మావగారు. ఇద్దరూ వెళ్లి మెట్లెక్కి ఫోటోకి నిలబడ్డారు.

ఆ ఫోటో మా హాల్లో ఉంది. పెళ్లికూతురు మా అత్తగారి భుజం మీద తల ఆనించి ఉంటుంది. ఆ రోజు నుంచీ 'ఆంటీ' పోయి 'అత్తయ్యా' అయింది. ఆ పిల్ల తెలుగు అత్తగారికి ఇప్పటికీ సగమే అర్థమవుతుంది గానీ, ఆవిడ చిన్న నవ్వు మాత్రం ఈ పిల్లకు కనిపించడం మొదలైంది. అత్తయ్య తన కోసమే అంతటి పట్టింపు వదిలేసిందని ఆమె నమ్మకం. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. మిక్సీ మోతలో అమ్మకు వినబడలేదని మా ఆవిడ అంటుంది. నాకేమో, షాపులో ఆవిడ ఆ పట్టీని లాగి చూడటం గుర్తొస్తుంది. జారిపోయేదైతే సాగుతుందా అని ఎందుకు అడుగుతారు? అడుగుదామంటే అత్తగారి కొప్పు గురించి అల్లుడు ప్రశ్నలు వేయడం మన దగ్గర ఉన్న పద్ధతి కాదు. మంత్రులను నిలదీసిన విలేకర్లు కూడా ఈ ఒక్క చోట మైకు దించేస్తారు. నరసాపురంలో ఫోటోలు చూసినవాళ్లు మావగారిని అడిగితే, అది అక్కడి పద్ధతి అని చెప్పారట. ఇక్కడ కెమెరా కుర్రాడికి నేను చెప్పింది మా పద్ధతి అని.

ఇప్పుడు నాకూ ఉద్యోగం చేసుకునే అనుమతి వచ్చింది. జుట్టు పలచబడింది. నన్నెవరూ ఖాళీగా ఉన్నావుగా అనడం లేదు. అలా అనే రోజుల్లోనే మనుషుల్ని ఎక్కువ చూశానని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. మణికట్టుకు పూలు తొడుక్కుని, పోలీసు గౌరవ వందనంలా చెయ్యి పైకెత్తి హాల్లో నడిచిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. అంతమంది ఆడవాళ్లకు పువ్వు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పడానికి బయల్దేరాడు పాపం.

అత్తగారు ఆ తర్వాత మళ్లీ పువ్వు పెట్టుకున్నట్టు నాకు తెలీదు. ఈ మధ్య ఒక ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడుతూ, వంటింట్లోకి ఏదో చెప్పడానికి ఆవిడ వెనక్కి తిరిగారు. కొప్పు తెల్లబడి చిన్నదైపోయింది. దాని చుట్టూ, సాగి సాగి వదులైన వెండి రంగు ఎలాస్టిక్ పట్టీ ఒకటి, రెండు మడతలు పెట్టి కట్టి ఉంది. పువ్వు లేదు, రిబ్బను లేదు. నేను ఇన్నాళ్ల మర్యాదా మరిచిపోయి అడిగేశాను.

"అత్తయ్యగారూ, ఆ రబ్బరు..."

"గట్టి రబ్బరు బాబూ. మీరు చెప్పినట్టే బాగా సాగుద్ది" అని, ఈ పూట ఏం వండుకున్నారని అడిగారు.

వారి వివరణ ఇంతవరకే అందింది.